అండర్‌స్టాట్: జట్టు బలాన్ని పాయింట్లతో కాక అవకాశాలతో తూచే వెబ్‌సైటు

ఒక ఫుట్‌బాల్ జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలిచిందన్నది పక్కన పెట్టి, అది ఎలాంటి గోల్ అవకాశాలను సృష్టించుకుంది, ప్రత్యర్థికి ఎలాంటి అవకాశాలను వదిలిపెట్టింది అన్న విషయాన్ని అంకెల్లో చూపే ఉచిత వెబ్‌సైటు అండర్‌స్టాట్. దీన్ని నేను కొన్ని సీజన్లుగా క్రమం తప్పకుండా వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. లీగ్‌లో మూడో వంతు మ్యాచ్‌లు పూర్తయ్యాక ఏ జట్టు నిజంగా బలమైనదో, ఏది గాలివాటంగా పైకి వచ్చిందో తేల్చుకోవడానికి పాయింట్ల పట్టిక కంటే ఇది మెరుగైన సాధనం. నిన్న రాత్రి జరిగిన ఒక్క మ్యాచ్ మీద తీర్పు చెప్పడానికి మాత్రం ఇది పనికిరాదు. విచిత్రమేమిటంటే, ఎక్కువమంది దీన్ని ఆ రెండో పనికే వాడుతున్నారు.

అనంతపురంలో కూర్చుని యూరప్ లీగ్‌ల అంకెలు చూడవలసిన అవసరం ఏమిటని కొందరు అడగవచ్చు. 1969లో స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించినప్పటి నుంచి ఈ జిల్లాకు స్పెయిన్‌తో ఒక విడదీయరాని సంబంధం ఉంది. స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు నాదల్ పేరిట టెన్నిస్ కేంద్రం 2010లో ఇక్కడే మొదలైంది. ఆర్డీటీ మైదానాల్లో ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ మాత్రమే కాక, జిరోనా, ఒసాసునా వంటి జట్ల పేర్లు కూడా నోటికి వస్తాయి. అయితే ఆ అభిమానంతో పాటు, బంతి ఎవరి కాళ్ల దగ్గర ఎక్కువసేపు ఉంటే వారే గొప్పవారన్న నమ్మకం కూడా మనవాళ్లకు స్పెయిన్ నుంచే అంటుకుంది. 2022 ప్రపంచ కప్‌లో జపాన్ కేవలం 17.7 శాతం సమయం బంతిని తన దగ్గర ఉంచుకుని స్పెయిన్‌ను 2-1తో ఓడించింది. ఆ తర్వాత మొరాకోతో ఆడిన మ్యాచ్‌లో స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు వేసి కూడా గోల్ చేయలేక, పెనాల్టీ షూటౌట్‌లో 0-3తో ఇంటిముఖం పట్టింది. బంతి ఎంతసేపు ఉంది, పాస్‌లు ఎన్ని, షాట్‌లు ఎన్ని అన్న లెక్కలు పని ఎంత జరిగిందో చెబుతాయి గాని, ఆ పని వల్ల ఏం ఒరిగిందో చెప్పవు. మన వేరుశనగ రైతు పక్కవాడి దిగుబడిని మొత్తం బస్తాలతో పోల్చడు. ఎకరానికి ఎన్ని బస్తాలు వచ్చాయి, ఆ ఏడు ఆ చేను మీద ఎన్ని వానలు పడ్డాయి అని అడుగుతాడు. సామర్థ్య గణాంకాలు ఫుట్‌బాల్‌లో అడిగే ప్రశ్న కూడా అదే. అందులో మొదటి సగానికి అండర్‌స్టాట్ చక్కగా జవాబిస్తుంది. రెండో సగం సంగతి తర్వాత చెబుతాను.

ఈ సైటులో ఉన్నవి ఆరు లీగ్‌లు మాత్రమే: ఇంగ్లండ్, స్పెయిన్, జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్, రష్యా దేశాల అగ్రశ్రేణి లీగ్‌లు. గణాంకాలు 2014-15 సీజన్ నుంచి లభిస్తాయి. హైదరాబాద్ జట్టు 2021-22లో గెలిచిన ఇండియన్ సూపర్ లీగ్ ఇందులో లేదు, ప్రపంచ కప్ కూడా లేదు. పైన చెప్పిన స్పెయిన్ మ్యాచ్‌లను ఇక్కడ వెతికితే దొరకవు.

సైటుకు పునాది ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అనే కొలత. దీన్ని అందరూ పొట్టిగా ఎక్స్‌జీ అంటారు. ప్రతి షాట్‌కూ సున్నా నుంచి ఒకటి మధ్య ఒక విలువ ఉంటుంది. అంత దూరం నుంచి, ఆ కోణంలో, కాలితోనో తలతోనో, ఆ తరహా పాస్ అందుకుని కొట్టిన షాట్ సాధారణంగా ఎంత తరచుగా గోల్ అవుతుందన్నదే ఆ విలువ. పాత మ్యాచ్‌లలోని లక్షకు పైగా షాట్‌లతో, ఒక్కో షాట్‌కు పదికి పైగా లక్షణాలతో శిక్షణ ఇచ్చిన న్యూరల్ నెట్‌వర్క్ ఈ విలువలను లెక్కిస్తుందని సైటు నిర్వాహకులు చెబుతారు. పెనాల్టీకి సుమారు 0.76 వస్తుంది. ఏ మ్యాచ్‌ను తెరిచినా మైదానం బొమ్మ మీద రెండు వైపులా షాట్‌లు వృత్తాలుగా కనబడతాయి, అవకాశం ఎంత మంచిదైతే వృత్తం అంత పెద్దది. ఒక వృత్తం మీద వేలు పెడితే ఎన్నో నిమిషం, ఎవరు కొట్టారు, ఎవరు అందించారు, విలువెంత అన్న వివరాలన్నీ చిన్న గడిలో వస్తాయి. పెనాల్టీ ప్రాంతం బయట చుక్కల్లా చెల్లాచెదురుగా పడి ఉన్న షాట్‌లను, గోల్ ముందర నిండుగా కూర్చున్న ఒకే ఒక్క పెద్ద వృత్తాన్ని పక్కపక్కన చూసినవారికి, షాట్‌ల సంఖ్యతో వాదించడం ఎందుకు దండగో వేరే చెప్పనక్కరలేదు.

అయితే సైటులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన అంకె ఎక్స్‌జీ కాదు, దాని నుంచి పుట్టిన ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్. దీన్ని ఒక ఉదాహరణతో చెబితే తేలికగా అర్థమవుతుంది. అనంతపురం, కడప జట్లు ఒక మ్యాచ్ ఆడాయనుకుందాం. అనంతపురం 0.10 విలువగల షాట్‌లు పది కొట్టింది, కడప 0.50 విలువగల షాట్‌లు రెండే కొట్టింది. ఇద్దరి ఎక్స్‌జీ సరిగ్గా 1.0, కాబట్టి జట్లు సమానమని అనిపిస్తుంది. కాని అనంతపురం ఒక్క గోల్ కూడా చేయకుండా ఉండే అవకాశం సుమారు 35 శాతం, కడపకు అది 25 శాతమే. అన్ని ఫలితాలనూ విడివిడిగా లెక్కకడితే అనంతపురం గెలిచే అవకాశం 31 శాతం, కడప గెలిచే అవకాశం 36 శాతం, డ్రాకు 33 శాతం వస్తుంది. గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి చొప్పున పాయింట్లు వేస్తే అనంతపురానికి దాదాపు 1.27, కడపకు 1.40 దక్కుతాయి. మొత్తాలు సమానమే అయినా, చిన్నచిన్న అవకాశాలను కుప్పపోసిన జట్టు కంటే రెండు మంచి అవకాశాలను సృష్టించుకున్న జట్టే ఒక మెట్టు పైన ఉంది. అండర్‌స్టాట్ ప్రతి మ్యాచ్‌లోనూ ఈ తరహా లెక్క కట్టి, సీజన్ మొత్తానికి కూడి, అసలు పాయింట్ల పక్కనే పట్టికలో చూపుతుంది. రెండింటి మధ్య తేడా కూడా అక్కడే రాసి ఉంటుంది. తేదీలు మార్చి సీజన్‌లో ఒక భాగానికి మాత్రమే ఈ పట్టికను చూసుకునే వీలు, సొంత మైదానంలో ఆడినవి, బయట ఆడినవి విడదీసే వీలు కూడా ఉన్నాయి.

ఈ తేడా ఎంత పనిచేస్తుందో చూడడానికి రెండు జట్ల కథ చాలు. ఇంగ్లండ్‌లో బ్రైటన్ 2020-21 సీజన్‌ను 41 పాయింట్లతో 16వ స్థానంలో ముగించింది. చేసిన గోల్స్ 40, ఇచ్చినవి 46. పాయింట్లు మాత్రమే చూసేవారికి అది కింది లీగ్‌కు జారిపోకుండా గట్టెక్కిన బలహీనమైన జట్టు. ఎక్స్‌పెక్టెడ్ పాయింట్ల వరుసలో మాత్రం అదే జట్టు యూరప్ పోటీలకు అర్హత పొందేవారి సరసన కనిపించింది. మంచి అవకాశాలు పుట్టిస్తోంది, ప్రత్యర్థికి చాలా తక్కువ ఇస్తోంది, కాని గోల్ ముందు బంతి లోపలికి వెళ్లడం లేదు. మరుసటి ఏడాది ఆ జట్టు 51 పాయింట్లతో 9వ స్థానానికి, ఆ పై ఏడాది 62 పాయింట్లతో 6వ స్థానానికి చేరి, తన చరిత్రలో మొదటిసారి యూరప్ పోటీలకు వెళ్లింది.

స్పెయిన్‌లో జిరోనాది తలకిందులైన కథ. 2023-24లో 85 గోల్స్‌తో, 81 పాయింట్లతో మూడో స్థానం. మన కుర్రాళ్లు సగంమంది ఆ ఏడాది జిరోనా అభిమానులైపోయారు. ఆ 85 గోల్స్ జట్టు ఎక్స్‌జీ కంటే స్పష్టంగా ఎక్కువ, అంటే వచ్చిన అవకాశాలను మామూలు కంటే బాగా గోల్స్‌గా మలుచుకున్నారు. మరుసటి సీజన్‌లో అదే జట్టు 41 పాయింట్లతో 16వ స్థానానికి పడిపోయింది. ఇందులో గణాంకాలకే పూర్తి ఘనత కట్టబెట్టడం న్యాయం కాదు. 24 గోల్స్‌తో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచిన డోవ్‌బిక్ రోమాకు, సావియో మాంచెస్టర్ సిటీకి, అలెయిష్ గార్సియా లెవర్‌కూసెన్‌కు వెళ్లిపోయారు, పైగా చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌ల అలసట తోడైంది. ఆటగాళ్లు అమ్ముడుపోతారని ఏ ఎక్స్‌జీ పట్టికా ముందుగా చెప్పలేదు. అది చెప్పగలిగింది ఒకటే: ఆ మూడో స్థానం కింద పునాది కనిపించినంత గట్టిది కాదు.

ఇలాంటి పరీక్షలు చేయదలచినవారికి సైటులోని మొట్టమొదటి సీజన్ అయిన 2014-15లో జర్మనీ జట్టు డార్ట్‌మండ్ పేజీ మరో మంచి చోటు. సగం సీజన్‌కు 17 మ్యాచ్‌ల్లో 15 పాయింట్లతో చివరి నుంచి రెండో స్థానంలో ఉన్న ఆ జట్టు, కోచ్ క్లాప్‌ను మార్చకుండానే 46 పాయింట్లతో ఏడో స్థానంలో ముగించింది. సగం సీజన్ దగ్గర దాని ఎక్స్‌పెక్టెడ్ పాయింట్లు ఏం చెప్పాయో తేదీలు కుదించి చూడండి.

జట్టు పేజీలోకి వెళితే సైటు అసలు లోతు తెలుస్తుంది. నా దృష్టిలో పదిమందిలో తొమ్మిదిమంది తెరవని భాగం ఇదే. జట్టు షాట్‌లను, ఎక్స్‌జీని ఆట నడుస్తుండగా వచ్చినవి, కార్నర్‌ల నుంచి వచ్చినవి, ఫ్రీకిక్‌లవి, పెనాల్టీలవి అని విడదీసి చూపుతుంది. పదిహేను నిమిషాల ముక్కలుగా, వాడిన ఆటగాళ్ల అమరిక వారీగా, దాడి వేగం వారీగా కూడా చూడవచ్చు. వీటన్నిటిలో ముఖ్యమైనది స్కోరు స్థితి వారీ విభజన: జట్టు సమంగా ఉన్నప్పుడు, ఒక గోల్ ముందున్నప్పుడు, అంతకంటే ముందున్నప్పుడు, వెనకబడినప్పుడు ఎన్ని నిమిషాలు ఆడింది, ఆ నిమిషాల్లో 90 నిమిషాల లెక్కన ఎంత ఎక్స్‌జీ సాధించింది, ఎంత ఇచ్చింది అని చెబుతుంది. రెండు గోల్స్ ముందంజలో ఉన్న జట్టు వెనక్కి తగ్గి కూర్చుంటుంది, వెనకబడిన జట్టు ఎక్కడినుంచి పడితే అక్కడినుంచి షాట్‌లు కొడుతుంది. అందువల్ల మొత్తం ఎక్స్‌జీలో ఓడినవాడే మెరుగ్గా కనబడే విడ్డూరం తరచు జరుగుతుంది. స్కోరు సమంగా ఉన్నప్పటి వరుసను మాత్రమే చూస్తే ఈ మాయ చాలావరకు తొలగిపోతుంది. ఒక జట్టు బలాన్ని ఒకే ఒక్క వరుసలో చూడమంటే నేను పెనాల్టీలు తీసేసిన ఎక్స్‌జీ తేడాను చూసి, ఆ వెంటనే ఈ స్కోరు సమంగా ఉన్న వరుసతో సరిపోల్చుకుంటాను.

ప్రెసింగ్‌ను కొలిచే పీపీడీఏ అనే అంకె కూడా పట్టికలో ఉంటుంది. ప్రత్యర్థి తన వైపు మైదానంలో బంతిని ఆడుతున్నప్పుడు, మన జట్టు ఒక ట్యాకిల్‌కో అడ్డగింతకో ఫౌల్‌కో దిగేలోపు ఎన్ని పాస్‌లు వేయనిచ్చిందో అది చెబుతుంది. అంకె చిన్నదైతే వెంటాడి ఒత్తిడి చేసే జట్టు, పెద్దదైతే వెనక కాచుకునే జట్టు. ఇది ఆట తీరును చెప్పే అంకె గాని బలాన్ని చెప్పేది కాదు. దీన్ని బలంగా చదివి, పీపీడీఏ తక్కువ కాబట్టి ఫలానా జట్టు గొప్పదనడం వినవస్తుంటుంది. అలాంటి వాదనకు నేను జవాబివ్వడం మానుకున్నాను.

ఇక లోపాల దగ్గరికి వద్దాం. అతి పెద్దది ముందే సూచించాను: చేను మీద ఎన్ని వానలు పడ్డాయన్న ప్రశ్నకు అండర్‌స్టాట్ పట్టికలో జవాబు లేదు. బార్సిలోనా మీద సాధించిన 1.5 ఎక్స్‌జీ, పట్టికలో చివరన ఉన్న జట్టు మీద సాధించిన 1.5 ఎక్స్‌జీ ఒకే విలువతో కలిసిపోతాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్ల సామర్థ్యాన్ని కొలిచే డీవీఓఏ వంటి పద్ధతులు మ్యాచ్‌లోని ఒక్కో ప్లేనూ (బంతి కదిలి ఆగేదాకా సాగే ఆట ముక్కను) ఆ పరిస్థితిలో లీగ్ సగటుతో పోల్చడమే కాక, ప్రత్యర్థి రక్షణ ఎంత గట్టిదో చూసి అంకెను సరిచేస్తాయి. మన ఫుట్‌బాల్‌లో సీజన్ పూర్తయ్యేసరికి అందరూ అందరితో రెండుసార్లు ఆడతారు కనుక ఈ తేడా చాలావరకు సర్దుకుంటుంది. కాని ఎనిమిది, పది మ్యాచ్‌ల దగ్గర సర్దుకోదు, మనకు ఈ పట్టిక అవసరం ఎక్కువగా ఉండేది అప్పుడే. అందువల్ల ఆ దశలో నేను పక్కనే మ్యాచ్‌ల జాబితా తెరిచి, మొదటి పదిలో ఎవరెవరితో ఆడారో, ఎన్ని సొంత మైదానంలో జరిగాయో చూసి మనసులోనే కొంత కలిపి, కొంత తీసేసుకుంటాను. సైటే ఈ పని చేసిపెడితే ఎంతో బాగుండేది.

రెండో లోపం కొలతలోనే ఉంది. బంతి కాలిని వదిలాక ఎటు వెళ్లిందన్నది ఎక్స్‌జీలో ఉండదు. మూలకు దూసుకెళ్లిన షాట్, నేరుగా గోల్‌కీపర్ చేతుల్లోకి వెళ్లిన షాట్ ఒకే చోటి నుంచి ఒకే తీరున కొట్టినవైతే రెండింటికీ అదే విలువ. దీనివల్ల ఒబ్లాక్ వంటి గోల్‌కీపర్ ఏళ్ల తరబడి కాపాడిన అట్లెటికో మాడ్రిడ్, అంకెల ప్రకారం ఇవ్వవలసిన గోల్స్ కంటే తక్కువ ఇస్తున్నప్పుడు, అది అదృష్టమని కొట్టిపారేయడానికి లేదు. అవకాశాలను గోల్స్‌గా మలచడంలో మెస్సి వంటివారికి కూడా ఇదే వర్తిస్తుంది. తేడా కనబడగానే 'సగటుకు దిగివస్తుంది' అని జోస్యం చెప్పేవారు, ఆ తేడా ఒక్క సీజన్‌దా, ఐదు సీజన్లదా అని వెనక్కి వెళ్లి చూడాలి. 2014 నుంచి అంకెలు ఉన్నాయి కనుక ఆ పని ఈ సైటులోనే చేసుకోవచ్చు.

ఒక్క మ్యాచ్ సంగతికి వస్తే, 2022 ప్రపంచ కప్‌లో సౌదీ అరేబియా మొత్తం మూడే షాట్‌లు కొట్టి రెండు గోల్స్‌తో అర్జెంటీనాను ఓడించింది. అర్జెంటీనావి మూడు గోల్స్ ఆఫ్‌సైడ్‌గా రద్దయ్యాయి. రద్దయిన గోల్‌కు ఎక్స్‌జీ ఉండదు. గోల్ ముందు నుంచి దూసుకుపోయిన బంతికి ఆటగాడి కాలు బెత్తెడు దూరంలో ఆగిపోతే అది షాటే కాదు కనుక దానికీ ఉండదు. ఒక మ్యాచ్‌లో ఇలాంటివి రెండు జరిగితే చాలు, అంకెకూ ఆటకూ పొంతన పోతుంది. 'ఎక్స్‌జీ ప్రకారం మేమే గెలిచాం' అని సోమవారం పొద్దున టవర్ క్లాక్ దగ్గర టీ అంగడిలో వాదించే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే టీ చల్లారదు.

మన మైదానాలకు ఇది ఎంతవరకు ఉపయోగం అన్న ప్రశ్న మా పిల్లల కోచ్‌లు తరచు అడుగుతారు. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఆడే పద్నాలుగేళ్ల కుర్రాడి షాట్‌కు ప్రీమియర్ లీగ్ విలువలు అంటగట్టడం తప్పు. నేల గట్టిది, గడ్డి అంతంతమాత్రం, బంతి మోకాలి ఎత్తుకు ఎగురుతుంది, గోల్‌కీపర్ ఇంకా ఎత్తు ఎదగలేదు. ఇక్కడ దూరం నుంచి పైకి కొట్టిన బంతి అక్కడికంటే ఎక్కువసార్లు గోల్ అవుతుంది. అయినా పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చు. పొడుగు నోట్‌బుక్‌లో పెనాల్టీ ప్రాంతం బొమ్మ గీసి, గోల్ ముందర ఒక గడి, పెనాల్టీ చుక్క చుట్టూ ఒక గడి, పక్కలకు రెండు, బయట ఒకటి అని విభజించి, గాయమై బెంచీ మీద కూర్చున్న పిల్లవాడి చేతికిస్తే ప్రతి షాట్‌నూ గీతగా, గోల్ అయితే గీత చుట్టూ సున్నాగా గుర్తుపెడతాడు. సీజన్ మొత్తం అలా పోగుచేస్తే ఏ గడి నుంచి ఎన్ని షాట్‌లకు ఒక గోల్ వస్తోందో మన మైదానం విలువలు మనకే దొరుకుతాయి. ఫౌల్ జరిగి బంతి ఆగినప్పుడు ఆ గీతలు సరిచూసుకోమని చెప్పాలి, లేకపోతే గోల్ పడిన ఉత్సాహంలో రాసేవాడే మైదానంలోకి పరుగెత్తుతాడు.

సైటు తెలుగులో లేదు, కాని వాడడానికి కావలసిన ఇంగ్లిషు పొట్టి అక్షరాలే కనుక తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ఇబ్బంది పడరు. పట్టికల్లో నిలువు వరుసలు ఎక్కువ, ఫోన్ కంటే కంప్యూటర్ మీద చూడడం హాయి. పందేల కోసం ఇటు చూసేవారు వేరే దారి చూసుకోవడం మంచిది. ఆన్‌లైన్ బెట్టింగ్‌ను రాష్ట్రం 2020లోనే నిషేధించింది, పైగా పందెం ధరలు కట్టే సంస్థల దగ్గర ఇంతకంటే లోతైన లెక్కలు ఎప్పటి నుంచో ఉన్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఈ సీజన్ పట్టికతో కాక, పూర్తయిన ఒక పాత సీజన్‌తో మొదలుపెడితే మేలు. బ్రైటన్ 2020-21నే తీసుకుని, తేదీలను మొదటి పది మ్యాచ్‌ల వరకు కుదించి ఎక్స్‌పెక్టెడ్ పాయింట్ల వరుస చూసి, ఆ తర్వాత ఇరవై మ్యాచ్‌లకు, చివరికి ముప్పైఎనిమిదికి పెంచుతూ పోతే, ఏ దశలో ఆ అంకె నిలకడకు వచ్చిందో, ఎక్కడిదాకా ఊగిసలాడిందో కళ్లముందు కనబడుతుంది. ఆ తర్వాతే ఈ ఏటి జట్ల జోలికి రండి.